ఫోను వారి చేతిలోనే ఉండనివ్వండి: ఫోన్-ఇన్ కార్యక్రమం పాఠం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. వృద్ధుల నివాసాల్లో ఉంటున్న పెద్దలు వాట్సాప్ గ్రూపుల్లో నలుగురితో మాట కలపాలంటే ఏం చేయాలి? ఈ రోజు విషయం ఇదే. పెద్దలకు ఫోను వాడకం నేర్పుతున్న మేడమ్ మనతో ఉన్నారు. మొదటి కాల్ తెనాలి నుంచి. హలో!

శ్రోత (తెనాలి): హలో... హలో... వినబడుతోందా అమ్మా?

వ్యాఖ్యాత: వినబడుతోందండీ. మీ దగ్గర రేడియో శబ్దం కొంచెం తగ్గించండి.

శ్రోత: తగ్గించానమ్మా. నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. 76 ఏళ్లు. మా ఆవిడ కాలం చేశాక ఇక్కడ సీనియర్ సిటిజన్ల హోమ్‌లో చేరాను. అందరూ మంచివాళ్లే. మాకొక వాట్సాప్ గ్రూపు ఉంది. తెల్లవారితే చాలు, పువ్వుల బొమ్మలు, శుభోదయాలు, దేవుడి పటాలు. ఆ తర్వాత రాత్రి దాకా ఒక్క మాట ఉండదు. మా వరండాలోనే రైల్వేలో పనిచేసిన ఒకాయన ఉన్నారు. 1977 దివిసీమ ఉప్పెన సంగతులు కళ్లకు కట్టినట్టు చెబుతారు. అవి గ్రూపులో రాయండి అంటే నాకు రాదంటారు. నా సంగతీ అంతే. చేతులు వణుకుతాయి, ఒక అక్షరం నొక్కబోతే పక్కది పడుతుంది. మా అబ్బాయి కొనిచ్చిన ఫోనే, మంచిదే...

నిపుణురాలు: మాష్టారూ, ఫోనులో గూగుల్ కీబోర్డు ఉందా? టైపు చేసే చోట అడుగున కనిపిస్తుంది.

శ్రోత: ఉందనుకుంటానమ్మా. మైకు నొక్కి మాట్లాడితే అక్షరాలు వస్తాయన్నారు. నేను నొక్కితే నా గొంతే వెళ్లిపోతోంది.

నిపుణురాలు: అక్కడే అందరూ తడబడతారు. మీకు రెండు మైకులు కనిపిస్తాయి. సందేశం రాసే పెట్టె పక్కన కుడివైపున గుండ్రంగా ఉండేది వాట్సాప్ మైకు. అది మీ గొంతు రికార్డు చేసి పంపుతుంది. కీబోర్డు పైవరుసలో చిన్నగా ఉండేది రెండోది. అది మీ మాటను అక్షరాలు చేస్తుంది. అక్షరాలు కావాలంటే చిన్నది నొక్కాలి. ముందుగా కీబోర్డు సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చుకోవాలి, లేకపోతే మీ తెలుగును అది ఇంగ్లీషు అనుకుంటుంది.

శ్రోత: చిన్నది నొక్కాలి. సరే. మా మనుమడు ఒకసారి చూపించాడమ్మా, చకచకా ఏదో నొక్కేసి, అయిపోయింది తాతయ్యా అన్నాడు. వాడు అటు వెళ్లాడు, నేను మళ్లీ మొదటికి వచ్చాను.

నిపుణురాలు: నేను పోట్లాడేది దాని గురించే మాష్టారూ. నేర్పేవాళ్లు ఫోను లాక్కోకూడదు. ఫోను మీ చేతిలో, వేలు మీది, నోటిమాట మాత్రమే వాళ్లది. ఎవరైనా చేయి చాస్తే ఇవ్వకండి, నువ్వు చెప్పు నేను నొక్కుతాను అనండి. మీకు ఇంకొక దారి ఉంది. అదే కీబోర్డులో తెలుగుకు చేతిరాత కూడా ఉంది. తెర మీద వేలితో అ, ఆ అని రాస్తే అక్షరం పడుతుంది. పలక మీద దిద్దించిన చేయి మీది, దీంతో త్వరగా కుదురుతుంది. వణుకు ఉన్నా అక్షరం కాస్త పెద్దగా రాస్తే చాలావరకు గుర్తుపడుతుంది.

శ్రోత: వేలితో రాయవచ్చా! ఇది ఎవరూ చెప్పలేదమ్మా. మరి... మైకు నొక్కితే నా గొంతు వెళ్లిపోతోందే, అక్షరాలు రావాలంటే?

నిపుణురాలు: చిన్న మైకు మాష్టారూ. కీబోర్డు మీద ఉన్నది. పెట్టె పక్కన ఉన్నది కాదు. ఒక కాగితం మీద రాసుకోండి.

శ్రోత: రాసుకుంటున్నాను... కీబోర్డు మీదది. గ్రూపు సంగతి కూడా చెప్పమ్మా. అడ్మిన్‌గా ఉన్నాయన ఒకరిని తీసేశాడు, దానిమీద పెద్ద గొడవ...

వ్యాఖ్యాత: మాష్టారూ, ఇంకా చాలామంది లైన్‌లో ఉన్నారు.

నిపుణురాలు: ఒక్క నిమిషం ఇవ్వండి, ఇది అవసరమే. గొడవ పక్కన పెట్టండి. బొమ్మలకూ శుభోదయాలకూ వేరే గ్రూపు పెట్టండి, మాటలకు వేరేది. మాటల గ్రూపులో రోజుకు ఒకరు ఒక ప్రశ్న వేయండి. ఉప్పెన వచ్చిన రాత్రి మీరెక్కడ ఉన్నారు, మీ మొదటి జీతం ఎంత, మీ ఊరి చెరువు పేరేమిటి, ఇలాంటివి. జవాబిచ్చేటప్పుడు ఎవరి మాటకు చెబుతున్నారో ఆ సందేశం మీద వేలు పెట్టి కుడివైపుకు జరపాలి. అప్పుడు వారి మాట కింద మీ మాట పడుతుంది. లేకపోతే పదిమంది రాసేసరికి ఎవరు ఎవరికి చెప్పారో తెలియక అపార్థాలు వస్తాయి. తప్పు పడితే 15 నిమిషాల్లోపు దిద్దుకోవచ్చు. ఆ రైల్వే పెద్దాయనను రాయమనకండి. పెద్ద మైకు నొక్కి పట్టుకుని చెప్పమనండి, మీరు కింద రెండు ముక్కలు రాయండి. చెవులు వినబడనివారికి రాత కావాలి, చూపు తగ్గినవారికి గొంతు కావాలి. గ్రూపులో రెండూ ఉండాలి.

శ్రోత: చాలా సంతోషమమ్మా. ఈ సాయంత్రమే ఆయన గదికి వెళతాను.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు మాష్టారూ. తర్వాత వరంగల్ నుంచి.

శ్రోత (వరంగల్): నమస్తే మేడమ్. మేం కాలేజీ విద్యార్థులం. ఆదివారాలు ఒక వృద్ధాశ్రమానికి వెళ్లి ఫోన్లు నేర్పుతున్నాం. పోయిన వారం అందరి ఫోన్లలో మేమే సెట్టింగ్స్ మార్చి, గ్రూపులో చేర్చి...

నిపుణురాలు: మీరే మార్చారా? వారికి చెప్పకుండానా? అది నేర్పడం కాదమ్మా. అరగంట పట్టినా వారి చేతే చేయించండి. ఒక్క రోజుకు ఒక్క సంగతి. మొదటి రోజు అక్షరాల సైజు పెంచుకోవడం చాలు, వాట్సాప్‌లో చాట్స్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. వచ్చేవారం అదే మళ్లీ అడగండి. మరిచిపోతే విసుక్కోకుండా మళ్లీ చెప్పండి. ఓటీపీ మాత్రం మీరు కూడా అడగకూడదు, చూడకూడదు.

శ్రోత: అలాగే మేడమ్.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ అమెరికా నుంచి, డాలస్. చెప్పండి.

శ్రోత (డాలస్): అమ్మ హైదరాబాద్‌లో సీనియర్ హోమ్‌లో ఉంటుంది. మా కుటుంబం గ్రూపులో అన్నీ చూస్తుంది, ఒక్కదానికీ జవాబు ఇవ్వదు.

నిపుణురాలు: మీరు అమ్మను ఏమైనా అడుగుతున్నారా, ఫొటోలు మాత్రమే పెడుతున్నారా?

శ్రోత: ఫొటోలే ఎక్కువ...

నిపుణురాలు: ఫొటోకు ఏం జవాబు చెబుతారండీ? ఉగాది పచ్చడిలో బెల్లం ఎంత వేయాలి అని గ్రూపులోనే అడగండి. ఆమెకు మాత్రమే తెలిసినది అడగండి. మీ పగలు ఆమెకు రాత్రి, అందుకని జవాబు కోసం తొందరపెట్టకండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలండీ. హలో, రాజమండ్రి... లైన్ తెగిపోయినట్టుంది. విశాఖపట్నం, చెప్పండమ్మా.

శ్రోత (విశాఖపట్నం): నమస్కారం తల్లీ. మా హోమ్‌లో పక్కగది ఆవిడకు పోలీసులమని వీడియో కాల్ వచ్చింది. డిజిటల్ అరెస్టు అన్నారట, ఎవరికీ చెప్పవద్దన్నారట. రెండు గంటలు గది తలుపు వేసుకుని కూర్చుంది. అప్పటినుంచి మేం భయపడి గ్రూపులోంచి బయటికి వచ్చేశాం.

నిపుణురాలు: ఆవిడ క్షేమమేనా అమ్మా? డబ్బు పంపారా?

శ్రోత: పంపలేదమ్మా. భోజనానికి రాలేదని మేం వెళ్లి తలుపు కొట్టాం.

నిపుణురాలు: ఎంత మంచి పని చేశారు! డిజిటల్ అరెస్టు అనేది మన చట్టంలో లేనే లేదు. వీడియో కాల్‌లో ఏ పోలీసూ అరెస్టు చేయరు. ఎవరికీ చెప్పవద్దు అన్నారంటే వెంటనే ఫోను పెట్టేసి పక్కవారికి చెప్పాలి. ఎప్పుడైనా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. గ్రూపు మాత్రం వదలకండి అమ్మా. ఇలాంటి కాల్ వచ్చిందని ఒకరు గ్రూపులో చెబితే మిగతా అందరూ జాగ్రత్తపడతారు. వాట్సాప్ ప్రైవసీలో గ్రూప్స్ అని ఉంటుంది, అక్కడ మీ కాంటాక్ట్స్ మాత్రమే అని పెట్టుకుంటే తెలియనివారు మిమ్మల్ని ఏ గ్రూపులోనూ చేర్చలేరు. పెళ్లి శుభలేఖ అంటూ ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు, వస్తే తెరవకండి. ఓటీపీ కన్నకొడుకు అడిగినా చెప్పకండి.

శ్రోత: ఆవిడకు ఇంకా రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

నిపుణురాలు: ఆవిడ తప్పేమీ లేదని మీరంతా చెప్పండి. కొన్నాళ్లు ఆవిడ పక్కనే కూర్చుని ఇద్దరూ కలిసి గ్రూపు చూడండి. 1930 నంబరును అందరి ఫోన్లలో పేరు పెట్టి దాచుకోండి, వారి వేలితోనే.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. లైన్‌లో ఉన్న నెల్లూరు, కరీంనగర్ శ్రోతలు క్షమించాలి. మేడమ్, ధన్యవాదాలు. నమస్కారం.