మిన్నీ చేతిలో పనిముట్టు

అందరికీ నమస్కారం.

అమెరికా నల్లజాతివాళ్ల సంగీతం బ్లూస్ అనగానే మనకు టోపీ, సూటు, చేతిలో గిటార్ ఉన్న ఒక నల్లజాతి మగాడు గుర్తొస్తాడు. ఈ సాయంత్రం నేను చెప్పబోయేది లిజ్జీ డగ్లస్ గురించి. రికార్డుల మీద ఆమె పేరు మెంఫిస్ మిన్నీ.

1897లో పుట్టింది. మిసిసిపీ ప్రాంతంలో పొలం పని మీద బతికే కుటుంబం. ఆ పని ఆమెకు బొత్తిగా గిట్టేది కాదు. చిన్నప్పుడే గిటార్ పట్టింది. పదమూడేళ్ల వయసులో ఇల్లు వదిలి మెంఫిస్ నగరంలోని బీల్ స్ట్రీట్‌కు పారిపోయింది. వీధిలో వాయించడం, చిల్లర ఏరుకోవడం, చేతిలో డబ్బు అయిపోతే మళ్లీ ఇంటికి. తర్వాత కొన్నేళ్లు సర్కస్ వాళ్లతో ఊళ్లు తిరిగింది. గిటార్ ఆమెకు కళ కంటే ముందు పనిముట్టు అనిపిస్తుంది నాకు. మళ్లీ పత్తి చేలో దిగకుండా కాపాడిన పనిముట్టు.

1929లో ఒక సెలూన్ ముందు భర్త జో మెకాయ్‌తో కలిసి వాయిస్తుంటే కొలంబియా రికార్డు కంపెనీ మనిషి విన్నాడు. ఇద్దర్నీ న్యూయార్క్ తీసుకెళ్లారు. ఆ జూన్‌లో రికార్డు చేసిన పాటల్లో ఒకటి ‘వెన్ ది లెవీ బ్రేక్స్’. లెవీ అంటే కరకట్ట. నది పక్కన బతికిన మన వాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. 1927లో మిసిసిపీ నది కట్టలు తెంచుకుని లక్షల మందిని నిలువ నీడ లేకుండా చేసింది. గ్రీన్‌విల్ దగ్గర నల్లజాతి కూలీలను ఊరు దాటనివ్వకుండా కట్ట మీదే ఉంచి చాకిరీ చేయించారు. పాట వెనక ఉన్నది ఆ వరదే.

1971లో ఇంగ్లండ్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ ఈ పాటను తమ పద్ధతిలో మార్చి ప్రపంచమంతా మోగించింది. రాసినవాళ్లలో మిన్నీ పేరు వేశారు. అసలు రికార్డులో పాడిన జో పేరు మాత్రం వెయ్యలేదు! ఎప్పుడూ ఆడవాళ్ల పేరే ఎగిరిపోతుందనుకునే నాలాంటివాళ్లకు ఇది తమాషాగా ఉంటుంది.

షికాగోలో ఆమె మగవాళ్లతో పోటీపడి వాయించేది. ఒక పోటీలో తనను ఓడించిందని పేరుమోసిన బ్లూస్ గిటారిస్టు బిగ్ బిల్ బ్రూంజీ అంతటివాడు స్వయంగా చెప్పుకున్నాడు. బహుమతి ఏమిటంటే, ఒక విస్కీ సీసా, ఒక జిన్ సీసా.

ఎలక్ట్రిక్ గిటార్ అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లోనే దాన్ని అందుకుంది. 1942 చివరి రాత్రి ఓ క్లబ్బులో ఐస్ పెట్టె మీద కూర్చుని ఆమె వాయిస్తుంటే కవి లాంగ్‌స్టన్ హ్యూస్ విన్నాడు. ఆ మోత వెల్డింగ్ మిషన్లూ ఉక్కు మిల్లూ కలిసినట్టు ఉందని పత్రికలో రాశాడు. క్లబ్బు నడిపేవాళ్లు మాత్రం కాలితో తాళం కూడా వెయ్యకుండా గల్లా చూసుకుంటున్నారనీ రాశాడు.

చివరి రోజులు కష్టంగా గడిచాయి. పక్షవాతం వచ్చింది, చేతులు ఆగిపోయాయి. 1973లో పోయింది. సమాధికి రాయి కూడా లేదు. 1996లో గాయని బానీ రైట్ డబ్బుతో పెట్టించారు.

ఇప్పుడు ఆ 1929 రికార్డు వేస్తాను. గొంతు జోది. దాన్ని కాసేపు వదిలేసి, వెనకాల పరుగెడుతున్న వేళ్లను వినండి.