వావిళ్ళ వారి పుస్తకం మీద ఉన్న పేరు ఎవరిది?

అందరికీ నమస్కారం. పాత పుస్తకాల జాబితా రాసేటప్పుడు ఎక్కువ తప్పులు దొర్లేది ముఖపత్రం అడుగున, ప్రకాశకుల పేరు దగ్గర. అందుకే ఇవాళ మద్రాసులోని పాత తెలుగు ప్రచురణ సంస్థ వావిళ్ళ వారిని తీసుకుంటున్నాం.

వావిళ్ళ ఇంటిపేరు. నెల్లూరు జిల్లాలో ఆ పేరుతో ఊరూ ఉంది. బాలింత స్నానానికి కాచే నీళ్ళలో వావిలాకు వేస్తారు చూడండి, ఆ వావిలికి బహువచనమే వావిళ్ళు. ఇంగ్లీషు పద్ధతిలో చివరి మాటను ఇంటిపేరనుకుంటే జాబితా కార్డు 'శాస్త్రులు' కింద పడుతుంది. ఇక ఆ పుస్తకం ఎవరికీ దొరకదు.

ఈ సంస్థకు మూలపురుషుడు వావిళ్ళ రామస్వామి శాస్త్రులు. ఆయన 1854లో మద్రాసులో 'హిందూ భాషా సంజీవని' ముద్రణాలయం పెట్టారు. ఆ తర్వాతిది 'ఆదిసరస్వతీ నిలయం'. ఆయన కాలపు ప్రతుల్లో ఈ అచ్చుకూటాల పేర్లు కనిపిస్తే వేరే సంస్థలనుకోకండి, అదే ఇల్లు. 1891లో ఆయన పోయారు. కొడుకు వేంకటేశ్వర శాస్త్రులు పుట్టింది 1884లో, అంటే అప్పటికి పసివాడు. పెద్దయ్యాక సంస్థను నిలబెట్టిందీ, పెంచిందీ ఆయనే. అయినా బోర్డు మీద తన పేరు పెట్టుకోలేదు: 'వావిళ్ళ రామస్వామి శాస్త్రులు అండ్ సన్స్'. తండ్రి పేరు ముందు, తాను 'సన్స్'లో! వ్యాపారపు తెలివి కూడా ఇందులో లేకపోలేదు. పండితుడిగా తండ్రికున్న పరువు పుస్తకానికి పూచీ.

చిక్కు ఇక్కడే వస్తుంది. బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించిన ముద్దుపళని కావ్యం 'రాధికా సాంత్వనం' 1910లో ఈ సంస్థ నుంచే వచ్చింది. ప్రకాశకుడు రామస్వామి శాస్త్రులని రాస్తే, చనిపోయి పందొమ్మిదేళ్ళయిన మనిషి చేత పుస్తకం వేయించినట్టవుతుంది. ఆ పుస్తకం మీద పడిన ప్రభుత్వ నిషేధంతో పోరాడింది కొడుకు. కాబట్టి సంస్థ పేరును ఉన్నదున్నట్టు రాయండి, మనిషి పేరుగా విడగొట్టకండి.

క్రీస్తు శకం వేయని ప్రతుల్లో శక సంవత్సరానికి 78 కలపండి. జనవరి నుంచి ఉగాది లోపు అచ్చయితే 79. ఉత్త 'సాధారణ' అని తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే జాగ్రత్త, అరవయ్యేళ్ళకోసారి అదే పేరు తిరిగి వస్తుంది: 1850, 1910, 1970. మొదటిది అచ్చుకూటం పుట్టకముందుది గనుక కొట్టేయండి. మిగతా రెండింటినీ ధర తేలుస్తుంది. '2-8-0' అంటే రెండు రూపాయల ఎనిమిదణాలు. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో, కాబట్టి అణాల్లో ధర అచ్చయితే అది 1910 ప్రతే. పాత నిల్వ మీద కొత్త ధర చీటీ అంటించి అమ్మడం మామూలే. చీటీని పీకకండి, కాగితం చిరుగుతుంది. వెలుతురుకెత్తి చూస్తే కింది అంకెలు తెలుస్తాయి.