శాన్ ఫ్రాన్సిస్కో బే క్రూజ్: ఆ గంటలో ఏమేం చూస్తాం

హాయ్ అండీ. ఇండియా నుంచి అమ్మానాన్నలో అత్తమామలో వస్తే బే ఏరియాలో మనవాళ్లు చాలామంది కారులో గోల్డెన్ గేట్ బ్రిడ్జ్ దాకా తీసుకెళ్లి నాలుగు ఫోటోలు దిగి వచ్చేస్తారు. నేనైతే ముందు బోటు ఎక్కించండి అంటా, నీళ్ల మీద నుంచి చూస్తేనే ఈ ఊరు అర్థమవుతుంది.

[స్క్రీన్ మీద మ్యాప్]
ఇదిగో, బేని పసిఫిక్‌తో కలిపే ఈ సందు చూడండి, దీని పేరే గోల్డెన్ గేట్. వెడల్పు ఒక మైలు, అంతే. అటు శాక్రమెంటో, శాన్ వాకీన్ నదుల నీళ్లు, ఇటు పసిఫిక్ ఆటుపోట్లు, అన్నీ ఇందులోంచే వచ్చిపోవాలి, అందుకే బ్రిడ్జ్ దగ్గరికొచ్చేసరికి బోటు బాగా ఊగుతుంది, పెద్దవాళ్లకి ముందే చెప్పి ఉంచండి. ఎండాకాలంలో లోపల వ్యాలీ కాగిపోతుంటే సముద్రం మీది చల్లగాలి పొగమంచుతో సహా ఇదే సందులోంచి లోపలికొస్తుంది. జూలైలో కూడా జాకెట్ కావాల్సిందే.

[పియర్ 39]
ఇక్కడ ఎక్కుతాం. పక్కనే సీ లయన్స్ అరుపులు, 1989-90 చలికాలం నుంచి ఇక్కడే మకాం పెట్టాయి.

[బ్రిడ్జ్ కింద నుంచి షాట్]
ఇప్పుడు తలెత్తి చూడండి. రెండు టవర్ల మధ్య 1280 మీటర్లు, 1937లో తెరిచినప్పుడు ప్రపంచంలో ఇంత పొడవు సస్పెన్షన్ బ్రిడ్జ్ ఇంకోటి లేదు. ఇంత వేగంగా పారే నీళ్లలో, సముద్రంలోనే దక్షిణం టవర్‌కి పునాది వేశారు! పనివాళ్ల కోసం కింద వల కట్టారు, దానివల్ల 19 మంది బతికారు. కానీ అదే ఏడాది ఫిబ్రవరిలో ఒక పరంజా ఊడి వలని కూడా చీల్చుకుంటూ పడిపోయింది, 10 మంది పోయారు. వంతెన కింద బోటు తిరిగేటప్పుడు నాకు ముందు వాళ్లే గుర్తొస్తారు.

[తిరుగు దారి]
ఇది ఏంజెల్ ఐలాండ్. 1910 నుంచి 1940 దాకా ఇక్కడ ఇమ్మిగ్రేషన్ స్టేషన్, ఎక్కువగా చైనావాళ్లని రోజులు, వారాలు, ఒక్కోసారి నెలల తరబడి ఆపేసేవాళ్లు, పంజాబ్ నుంచి వచ్చినవాళ్లనీ ఆపారు. వీసా స్టాంపింగ్ టెన్షన్ తెలిసిన మనం ఈ దీవిని ఊరికే దాటిపోకూడదు. బ్రిటిష్ పాలన మీద పోరాడిన గదర్ పార్టీ 1913లో ఆఫీస్ పెట్టింది కూడా శాన్ ఫ్రాన్సిస్కోలోనే, మన తెలుగువాడు దరిశి చెంచయ్య గారు ఆ పార్టీ మనిషే.

[ఆల్కట్రాజ్]
ఈ దీవి ఫెడరల్ జైలుగా ఉన్నది 1934 నుంచి 1963 వరకు. కాపలా సగం ఈ చల్లటి నీళ్లదే. 1962లో ముగ్గురు రెయిన్‌కోట్లు అతికించి తెప్ప చేసుకుని పారిపోయారు, ఈరోజుకీ దొరకలేదు. మంచినీళ్లు కూడా బోట్లలో తేవాల్సొచ్చేది, ఖర్చు భరించలేకే చివరికి మూసేశారు.

ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ క్రూజ్ ఆల్కట్రాజ్ చుట్టూ తిప్పుతుంది గానీ దించదు. లోపలికెళ్లాలంటే పియర్ 33 నుంచి వేరే టికెట్, అది ముందే బుక్ చేసుకోండి, సమ్మర్‌లో త్వరగా అయిపోతాయి. పొగమంచు లేకుండా బ్రిడ్జ్ మొత్తం కనపడాలంటే సెప్టెంబర్, అక్టోబర్‌లో ప్లాన్ చేయండి.