గురువూ శిష్యుడూ ఒకే బల్ల దగ్గర

శ్రోతలకు నమస్కారం.

అమెరికాలోని బాల్టిమోర్ నగరం. 1930ల మొదటి సంవత్సరాలు. నల్లజాతి యువకుడొకడు రోజూ రైలెక్కి వాషింగ్టన్ వెళ్తాడు, లా చదువుకోవడానికి. సొంత ఊళ్లో లా కళాశాల లేక కాదు. మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం వారిది ఉంది. అందులో నల్లవారిని చేర్చుకోరు. కొడుకు ఫీజు కోసం ఆ తల్లి తన పెళ్లి ఉంగరం తాకట్టు పెట్టింది. ఆ యువకుడు థర్‌గుడ్ మార్షల్. తరువాతి కాలంలో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. అయితే ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆయనకు పాఠం చెప్పిన మాస్టారి గురించి. ఆయన చార్లెస్ హామిల్టన్ హ్యూస్టన్.

హ్యూస్టన్ హార్వర్డ్‌లో లా చదివి, 1924లో తండ్రితో కలిసి వకీలుగా ప్రాక్టీసు మొదలుపెట్టారు. 1929లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయం లా కళాశాల బాధ్యత చేపట్టారు. మార్షల్ రైలెక్కి వెళ్లి చదివింది అక్కడే. అప్పటికది సాయంకాలపు కళాశాల. దాన్ని పగటి కళాశాలగా మార్చి, 1931 నాటికి గుర్తింపు తెచ్చారు. చండశాసనుడు. మీకు కుడిపక్కన ఉన్నవారినీ ఎడమపక్కన ఉన్నవారినీ చూసుకోండి, వచ్చే ఏడాదికి వాళ్లు ఇక్కడ ఉండరు అని మొదటి రోజే చెప్పేవారట.

1935లో డొనాల్డ్ మర్రే అనే నల్లజాతి పట్టభద్రుడు ఆ మేరీల్యాండ్ కళాశాలకే దరఖాస్తు పెట్టాడు. తిప్పి పంపారు. దావా పడింది. జూన్‌లో బాల్టిమోర్ కోర్టులో మర్రే తరఫున ఇద్దరు వకీళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఒకరు హ్యూస్టన్. రెండోవారు మార్షల్. అవును, రోజూ రైలెక్కిన ఆ మార్షలే! నల్లవారు వేరే రాష్ట్రానికి వెళ్లి చదువుకోవడానికి ఉపకార వేతనం ఇస్తాం కదా అని అవతలి పక్షం వాదన. మేరీల్యాండ్‌లో వకీలు కాదలచినవాడు మేరీల్యాండ్ చట్టం ఎక్కడ నేర్చుకోవాలి? వీళ్ల వాదన అది. న్యాయమూర్తి మర్రేను చేర్చుకోవలసిందేనని ఆదేశించారు. మరుసటి ఏడాది జనవరిలో పై కోర్టూ ఆ తీర్పునే ఖాయం చేసింది. గురువు పాఠం చెప్పాడు, శిష్యుడు నేర్చుకున్నాడు, ఇద్దరూ కలిసి ఆ తలుపు తెరిపించారు. ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా నాకు గొంతు పూడుకుపోతుంది.

తరువాత హ్యూస్టన్ ప్రభుత్వంలోనూ పనిచేశారు. ఉద్యోగాల్లో జాతి వివక్షను విచారించే సమాఖ్య కమిటీలో 1944లో సభ్యుడయ్యారు. వాషింగ్టన్ ట్రాము కంపెనీ నల్లవారిని డ్రైవర్లుగా తీసుకోవడం లేదు. దానిపై ఉత్తర్వు ఇవ్వకుండా కమిటీని అధ్యక్షుడు ట్రూమన్ ఆపేశారు. 1945 డిసెంబరులో హ్యూస్టన్ రాజీనామా చేశారు. 1950లో, 54 ఏళ్లకే కన్నుమూశారు. బడుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది 1954లో. వాదించి గెలిచినవారిలో ముందు నిలిచింది మార్షల్. మాస్టారు చూడలేకపోయారు.

నేనూ కొన్నాళ్లు లా విద్యార్థులకు పాఠాలు చెప్పాను. సెక్షన్లు కంఠతా వచ్చిన పిల్లలు, మొదటి వాయిదాకు కోర్టులో ఎక్కడ నిలబడాలో తెలియక తికమకపడటం చూశాను. హ్యూస్టన్ తన విద్యార్థులను కోర్టులకూ జైళ్లకూ తీసుకెళ్లేవారు. మన కోర్టుల్లోనూ విచారణ సాధారణంగా బహిరంగంగానే జరుగుతుంది. ఎవరైనా వెళ్లి వెనుక బెంచీలో కూర్చోవచ్చు. లా చదివే పిల్లలారా, వారానికి ఒక్క పూట వెళ్లండి. పెద్ద కోర్టు అక్కర్లేదు, మీ ఊరి జూనియర్ సివిల్ జడ్జి కోర్టు చాలు. ఫోను ఆపేసి, నోటు పుస్తకం తెరిచి, సాక్షి బోనులోకి వచ్చినప్పుడు వకీలు అడిగే మొదటి ప్రశ్న రాసుకోండి.