బీపీ బిళ్ళ, మన బుర్ర

(బీచ్ రోడ్డు ఉదయపు నడక మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగం)

పెద్దలందరికీ నమస్కారం. మొన్న పొద్దున సబ్‌మెరైన్ దగ్గర మీలో ఒకాయన నన్ను ఆపి, "డాక్టరు గారూ, ఈ బీపీ బిళ్ళ మొదలుపెట్టాక పేర్లు గుర్తుకు రావడం లేదు, మానేయమంటారా?" అని అడిగారు. ఈ ప్రసంగం ఆయన కోసమే. మిగతావారు పక్కన కూర్చుని వినండి.

మానకండి. మెదడులోని సన్నటి రక్తనాళాలను ఎక్కువగా పాడుచేసేది బిళ్ళ కాదు, రక్తపు పోటు. 'స్ప్రింట్' అనే అమెరికా పరిశోధనలో తొమ్మిది వేలమందికి పైగా పాల్గొన్నారు. బీపీ పై అంకెను 120 లోపు ఉంచేలా వైద్యం చేసినవారిలో, 140 లోపు సరిపెట్టినవారి కంటే స్వల్ప మతిమరుపు దశ సుమారు 19 శాతం తక్కువగా కనిపించిందని 2019లో ప్రకటించారు. డిమెన్షియా, అంటే ముదిరిన మతిమరుపు జబ్బు, విషయంలో మాత్రం గట్టిగా చెప్పేంత తేడా తేలలేదు. షుగరు ఉన్నవారిని, పక్షవాతం వచ్చినవారిని అందులో చేర్చుకోలేదు. అందుకని ఆ 120 పట్టుకుని రేపు నా మీదికి రాకండి.

అలాగని ఈ మందులకు బుర్రతో పనే లేదని అనను. మన సర్పగంధ వేరు సంగతే చూడండి. అది బీపీని తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో లోకానికి చెప్పారు. 1952లో దాని నుంచి రెసర్పిన్‌ను వేరుచేశారు. పోటు దిగింది సరే, కొందరు రోగులు మాత్రం దిగులులో కూరుకుపోతున్నారని వైద్యులు గమనించారు. ఆ మందు నరాల కొసల్లో సెరటోనిన్ వంటి రసాయనాల నిల్వలను ఖాళీ చేస్తుంది. దిగులుకూ ఆ రసాయనాలకూ లంకె ఉందేమోనన్న ఆలోచనకు బలమిచ్చిన వాటిలో ఈ బీపీ మందు ఒకటి!

ఇప్పుడు దాన్ని రాసేవారు అరుదు. ప్రొప్రనలాల్, మెటోప్రొలాల్ అనే బీపీ మందులు కొవ్వులో కరుగుతాయి కనుక మెదడులోకి సులువుగా చేరి, కొందరికి పీడకలలు తెప్పిస్తాయి. నీటిలో కరిగే అటెనొలాల్‌తో ఆ బెడద తక్కువ. వేదిక ఎక్కితే చేతులు వణికేవారికి కూడా ప్రొప్రనలాల్ ఇస్తుంటాం. నేను వేసుకుని రాలేదు, ఈ కాగితం చూస్తే తెలుస్తుంది.

ఒక మే నెలలో ఒక పెద్దావిడను కొడుకు తీసుకొచ్చారు. కాఫీపొడి డబ్బా చేతిలో పట్టుకునే వంటిల్లంతా దాని కోసం వెతుకుతున్నారట. "అమ్మకు మతిమరుపు జబ్బు వచ్చింది" అని ఆయన తీర్మానించేశారు. మందులు దాచుకునే బిస్కెట్ల డబ్బా బోర్లించి చూశాను. మూత్రం ఎక్కువగా పోయించే క్లోర్థాలిడోన్ బిళ్ళ, మొదలుపెట్టి మూడు వారాలు. పైగా ఎవరో చెప్పారని ఉప్పు మానేసి, ఎండలకు భయపడి బిందెలకొద్దీ నీళ్ళు తాగారు. రక్తంలో సోడియం 135కు తగ్గకూడదు, ఆవిడకు 119. మందు ఆపి, నెమ్మదిగా సరిచేశాం. తొందరపడి పెంచినా మెదడుకే ముప్పు. అయిదో రోజు ఆవిడ, "నా బిస్కెట్ల డబ్బా ఎవరు తీశారు?" అని కొడుకును గద్దించారు.

అయితే ఆపింది మేము, రక్తపరీక్ష చూసి, బదులు మరో మందు ఇచ్చి. క్లోనిడిన్ లాంటి బీపీ మందులు మీకు మీరే ఒక్కసారిగా మానితే పోటు ఎగదన్నుతుంది.

బీపీ మందు వేసుకుంటూ, లేచి నిలబడగానే తల తిరిగేవారు ఈ గదిలోనూ ఉండే ఉంటారు. బీపీ యంత్రం తెచ్చాను. ముందు కూర్చోబెట్టి, తర్వాత నిలబెట్టి చూస్తాను. మొన్న అడిగిన ఆయన ముందుగా రావాలి. మందుల సంచీ తెచ్చారు కదండీ?