లెన్స్ డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్ వేస్తే సరిపోతుందా?

కెమెరా లెన్సులు ఇంట్లో ఎలా దాస్తున్నారని ఎవరిని అడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. "గాలి చొరబడని డబ్బా కొన్నాం, అందులో సిలికా జెల్ ప్యాకెట్ పడేశాం" అంటారు. ఆ ప్యాకెట్ ఎక్కడిదని అడిగితే, "షూస్‌తో పాటు వచ్చింది" అంటారు. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు టెన్షన్ వస్తుంది. తేమ పీల్చే ఆ ప్యాకెట్ పని ఎప్పుడో అయిపోయి ఉంటుంది, డబ్బా ఏమో లోపలి తేమని బయటికి పోనివ్వదు. అంత జాగ్రత్తగా దాచాం అనుకున్న లెన్స్‌కి ఫంగస్, అంటే బూజు, పట్టేది ఇలాగే.

ఫంగస్ ఏమిటో మీకు తెలుసు, కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. ఒక్కటి మాత్రం దగ్గరగా చూపిస్తాను.

(తెర మీద: పాత లెన్స్, వెనక నుంచి టార్చ్ వెలుతురు)

ముందు, వెనక క్యాప్‌లు రెండూ తీశాను. అపర్చర్‌ని, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రాన్ని, రింగ్ తిప్పి పూర్తిగా తెరిచాను. టార్చ్‌ని వెనక నుంచి కొంచెం ఏటవాలుగా వేస్తున్నాను. ఇదిగో, ఈ అంచు దగ్గర చూడండి. ఒక చుక్క దగ్గర మొదలై, వెంట్రుక కన్నా సన్నగా, కొమ్మలు వేసుకుంటూ మధ్యలోకి వస్తున్న తెల్లటి గీతలు. ఫంగస్ అంటే ఇదే. ఇది వదిలే ఆమ్లాలు గాజు మీది కోటింగ్‌ని తినేస్తాయి. ఫంగస్‌ని తుడిచేసినా ఆ గీతల గుర్తులు అలాగే ఉండిపోవచ్చు. దుమ్ము అయితే బ్లోయర్‌తో ఊదితే పోతుంది. అందుకే దుమ్ము గురించి అంత కంగారుపడి, తేమని పట్టించుకోకపోతే నాకు బాధేస్తుంది.

ఫంగస్ బీజాలు గాలిలో అంతటా ఉంటాయి, వాటిని ఆపలేం. అవి మొలకెత్తాలంటే మాత్రం తేమ కావాలి. తేమ 60 శాతం దాటి అలాగే ఉంటే ప్రమాదం మొదలైనట్టే. ఇప్పుడు ఈ శాతం అనే మాట దగ్గరే అందరూ పొరబడతారు. అది దేనిలో శాతం?

గాలిని ఒక బస్సు అనుకోండి. నీటి ఆవిరి అందులో ప్రయాణికులు. గది 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ఒక ఘనమీటరు గాలికి దాదాపు 30 సీట్లు, అంటే 30 గ్రాముల ఆవిరికి చోటు. అందులో 17 మంది కూర్చున్నారు. 57 శాతం నిండింది. తేమ కొలిచే మీటర్ 57 చూపిస్తుంది, మీరు హాయిగా నిద్రపోతారు. రాత్రికి గది 25 డిగ్రీలకి దిగింది. ప్రయాణికులు అదే 17 మంది, కానీ బస్సు కుంచించుకుపోయి 23 సీట్లే మిగిలాయి. ఇప్పుడు 74 శాతం. బయటి నుంచి చుక్క నీరు రాలేదు, ఎవరూ ఏ తప్పూ చేయలేదు, అయినా లెన్స్ ప్రమాదంలో పడింది. ఇంకా చల్లబడి 20 డిగ్రీలకి వస్తే సీట్లు 17, బస్సు కిక్కిరిసిపోయింది. ఆపైన ఒక్క డిగ్రీ తగ్గినా కొందరు దిగాల్సిందే. వాళ్లు దిగేది చల్లగా ఉన్న గాజు మీదే.

(ఫిజిక్స్ చదివినవాళ్లు "గాలిలో ఆవిరికి సీట్లేమిటి, గాలి ఆవిరిని పట్టుకోదు కదా" అని అభ్యంతరం చెప్పొచ్చు. నిజమే, అది వాడుక మాటే. అంకెలు మాత్రం మారవు.)

ఇప్పుడు ఆ డబ్బా సంగతి. గాలి చొరబడని డబ్బా అంటే తలుపులు మూసేసిన బస్సు. వాన పడుతున్న రోజు, గదిలో తేమ 85 శాతం ఉన్నప్పుడు మూత పెట్టారనుకోండి. అంతమందినీ లెన్స్‌తో పాటు లోపలేసి తాళం వేసినట్టే! డబ్బాకి తేమని తగ్గించే శక్తి ఏమీ లేదు. కొత్త తేమ రాకుండా ఆపుతుంది, అంతవరకే. ఉన్న తేమని తీసెయ్యాల్సింది సిలికా జెల్.

జెల్ గింజల్ని బస్‌స్టాండ్ అనుకోండి. బస్సులోంచి జనాన్ని దించుకుని తన దగ్గర కూర్చోబెట్టుకుంటుంది. కానీ స్టాండ్‌లోనూ చోటుకి ఒక హద్దు ఉంటుంది. మంచి సిలికా జెల్ దాని బరువులో మూడో వంతు దాకా నీరు పీలుస్తుంది. 2 గ్రాముల ప్యాకెట్‌లో ఎంత చోటుందో మీరే లెక్క వేసుకోండి. పైగా అది షూ డబ్బాలో, ఆ తర్వాత మీ బల్ల మీద ఉన్నప్పుడే గదిలోని తేమతో నిండిపోయింది. నిండిన జెల్ ఊరికే కూర్చోదు కూడా. పగలు డబ్బా వేడెక్కితే కొందరిని మళ్లీ బస్సు ఎక్కిస్తుంది.

ఇక్కడ ఒక ఆశ్చర్యం ఉంది. 20 లీటర్ల డబ్బాలోని గాలిలో ఉండే ఆవిరి మొత్తం మహా అయితే అర గ్రాము. అంత తక్కువైతే జెల్ ఎందుకు అంత త్వరగా నిండిపోతుంది? మూత తీసిన ప్రతిసారీ కొత్త జనం ఎక్కడం ఒక కారణం. అసలు కారణం, సీట్ల కింద దాక్కున్నవాళ్లు. తోలు పౌచ్, గుడ్డ, స్పాంజి, అట్టపెట్టె, ఇవన్నీ గాలి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ నీటిని తమలో దాచుకుంటాయి, మెల్లమెల్లగా వదులుతాయి. పాత లెన్సులతో వచ్చే ఆ అందమైన తోలు కేసు చూడటానికి నాకూ ఇష్టమే, కానీ లెన్స్‌ని దానిలో పెట్టి అల్మారాలో దాచడం కన్నా చెడ్డ పని లేదు. కెమెరా బ్యాగ్ కూడా మోసుకెళ్లడానికే. ఇంటికి రాగానే లెన్సులు బయటికి తీయండి.

అయితే ఏం చెయ్యాలి? డబ్బా మంచిదే, జెల్ మంచిదే, మధ్యలో ఒక మీటర్ ఉండాలి. తేమని కొలిచే చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ చాలు. లెన్సులతో పాటు లోపలే పెట్టండి. మీటర్ అంకె 40 నుంచి 50 మధ్య ఉండాలి. 20 లీటర్ల డబ్బాకి 100 గ్రాములకి తక్కువ కాకుండా గింజలు వెయ్యమంటాను. తేమ 30కి దిగిపోతే కొన్ని తీసెయ్యండి. అంత పొడి అవసరం లేదు.

ఈ మీటర్లు 5 శాతం అటూ ఇటూ చూపిస్తాయి. దాన్ని పరీక్షించే పద్ధతి ఒకటుంది, నాకు చాలా ఇష్టం. ఒక సీసా మూతలో ఉప్పు వేసి, కొన్ని చుక్కల నీళ్లతో తడి ముద్దలా చెయ్యండి. ఉప్పు పూర్తిగా కరగకూడదు. దాన్నీ మీటర్‌నీ ఒక జిప్ కవర్‌లో పెట్టి మూసి, రాత్రంతా కదపకుండా ఉంచండి. మామూలు గది వేడిలో తడి ఉప్పు పైన గాలి 75 శాతం దగ్గర నిలబడుతుంది. మీ మీటర్ 71 చూపిస్తే, అది 4 తక్కువ చెబుతోందని తెలిసిపోయింది. ఆ తేడా మీటర్ వెనక రాసి పెట్టుకోండి. అయ్యాక కవర్ దూరంగా పడెయ్యండి, ఉప్పు లెన్స్ దగ్గరికి రాకూడదు.

జెల్‌లో రంగు మారే రకమే కొనండి. నీలం గింజలు తేమ పీల్చి గులాబీ రంగుకి వస్తాయి, కానీ వాటిలో ఉండే కోబాల్ట్ క్లోరైడ్ విషపదార్థం. నారింజ రంగు నుంచి ఆకుపచ్చకి మారేవి తీసుకోండి. రంగు మారాక ఓవెన్‌లో 110, 120 డిగ్రీల దగ్గర రెండు మూడు గంటలు ఉంచితే స్టాండ్ మళ్లీ ఖాళీ. వంట చేసే ఓవెన్ వాడొద్దు.

లెన్సులు ఎక్కువైతే, ఇది రోజూ చూసుకునే ఓపిక లేకపోతే డ్రై క్యాబినెట్, అంటే లోపలి తేమని తనే తగ్గించుకునే కరెంటు అల్మారా, కొనుక్కోండి. 45కి సెట్ చేస్తే దాని పని అది చూసుకుంటుంది. అయినా లోపల మీ మీటర్ ఒకటి పెట్టండి. దాని తెర మీది అంకెని నేను గుడ్డిగా నమ్మను.

టైమ్ అయిపోవస్తోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. కలరా ఉండలు, కర్పూరం లెన్సుల దగ్గర వద్దు. నికాన్ లెన్స్ మాన్యువల్స్‌లోనే ఈ హెచ్చరిక ఉంటుంది. బియ్యం డబ్బాలో పెట్టొద్దు, పిండి ధూళి తప్ప ఏమీ రాదు. ఫ్రిజ్ అసలే వద్దు. క్యాప్‌లు రెండూ పెట్టి ఉంచండి. క్యాప్ లేని లెన్స్‌ని ఎండ పడే కిటికీలో వదలొద్దు, నిప్పు అంటుకోవచ్చు. ఏసీ గదిలోంచి వేడిగా, తేమగా ఉన్న బయటికి తీసుకెళ్తున్నప్పుడు, గదిలో ఉండగానే జిప్ కవర్‌లో పెట్టి మూసెయ్యండి. బయట లెన్స్ వేడెక్కేదాకా, అరగంటో గంటో, తెరవకండి. లేదంటే ఆ కిక్కిరిసిన బస్సు జనమంతా ముందు గాజు మీదే దిగుతారు.

ఫంగస్ ఉన్న లెన్స్ పక్కన మంచి లెన్స్ పెడితే అంటుకుంటుందా అని అందరూ అడుగుతారు. బీజాలు ఎలాగూ ప్రతి లెన్స్ మీదా ఉంటాయి, 45 శాతంలో అవి మొలకెత్తవు. అయినా నేనైతే వేరే డబ్బాలోనే పెడతాను. ఎండలో పెడితే ఫంగస్ చస్తుందన్న మాట నమ్మి రోజంతా వదిలెయ్యకండి. లోపలి గ్రీజు కరిగి అపర్చర్ బ్లేడ్ల మీదికి పాకుతుంది, కోటింగ్ మీది గుర్తులు మాత్రం అలాగే ఉంటాయి. అంచు దగ్గర చిన్న చుక్కలా ఉన్నప్పుడే సర్వీస్‌కి ఇవ్వండి. గీతలు మధ్యదాకా వచ్చాక శుభ్రం చేయించినా, ఎదురుగా వెలుతురు ఉన్న ఫోటోల్లో ఆ పొగమంచు కనిపిస్తూనే ఉంటుంది.