ట్యాంకులిచ్చి ట్యాంకర్లు తెచ్చుకున్న దేశం

నమస్తే అండీ. 2022 సెప్టెంబరులో ఒక బేరం కుదిరింది. స్లొవేనియా తన దగ్గరున్న 28 పాత యుద్ధ ట్యాంకులను ఉక్రెయిన్‌కు ఇవ్వాలి, బదులుగా జర్మనీ స్లొవేనియాకు 40 మిలిటరీ ట్రక్కులు ఇవ్వాలి. ఆ నలభైలో ఐదు నీళ్ల ట్యాంకర్లు. అంటే ట్యాంకులిచ్చి ట్యాంకర్లు తెచ్చుకున్నారన్నమాట!

నవ్వొస్తుంది గానీ, అవి తుక్కు బండ్లేమీ కావు. పేరు ఎం-55ఎస్. అసలు పుట్టుక సోవియట్ టీ-55. 1991లో యుగోస్లావియా నుంచి విడిపోయినప్పుడు స్లొవేనియా చేతికొచ్చాయి. ఇరవై లక్షల జనాభా ఉన్న దేశం, కొత్త ట్యాంకులు ఎక్కడ కొంటుంది? ఉన్నవాటికే పని చేయిద్దామనుకుంది. అక్కడి రావ్నె ఊళ్లోని కంపెనీ, ఇజ్రాయెల్‌కు చెందిన ఎల్బిట్ కలిసి 1990లలో 30 ట్యాంకులకు కొత్త రూపం ఇచ్చాయి.

సోవియట్ 100 ఎంఎం గన్ పీకేసి, బ్రిటన్ డిజైన్ 105 ఎంఎం ఎల్7 గన్ బిగించారు. కవచం మీద పేలుడు పలకలు అతికించారు, శత్రువు గుండు తగిలితే అవి ఎదురు పేలి దెబ్బను తగ్గిస్తాయి. ఇంజిన్ బలం 600 హార్స్‌పవర్‌కు పెంచారు. లేజర్‌తో గురి చూసే సిస్టమ్ ఫోటోనా అనే స్లొవేనియా కంపెనీదే. ఆ కంపెనీ ఇప్పుడు పళ్ల డాక్టర్లకు లేజర్ మెషీన్లు అమ్ముతోంది, అది వేరే కథ.

ఎన్ని మార్చినా లోపలి ఇరుకు మాత్రం పోదు. టీ-55లో గుండు ఎక్కించే మనిషి గన్‌కు కుడివైపు ఉంటాడు. పదిహేను కిలోలు దాటిన గుండును, కుదుపుల్లో, ఎడమ చేత్తో లోపలికి తోయాలి. చేసి చూపించమంటే నా వల్ల కాదు.

నా లెక్కలో అసలు చిక్కు ఆ 30 అనే అంకె. మామూలు టీ-55కి ప్రపంచంలో ఎక్కడో ఒకచోట స్పేర్ పార్టులు దొరుకుతాయి. ఇలా నాలుగు చోట్ల నుంచి సామాను తెచ్చి కలిపిన బండి ఆ ముప్పై తప్ప ఇంకెక్కడా లేదు. ఒక పార్టు పాడైతే మళ్లీ చేయించుకోవాల్సిందే. అలాంటి దాన్ని డబ్బు పెట్టి కొనేదెవరు?

కొనేవాళ్లున్నా, వేరే దేశానికి అమ్మాలంటే ప్రభుత్వ పర్మిషన్ టెన్షన్ ఒకటి. ఉదాహరణకు, స్విట్జర్లాండ్ ప్రభుత్వ కంపెనీ రుయాగ్‌కు 2023లో 96 లెపర్డ్-1 ట్యాంకులుండేవి. జర్మనీలో పుట్టినవి, ఇటలీలో పడి ఉన్నవి. బాగు చేసి ఉక్రెయిన్‌కు పంపుదామంటే, 2023 జూన్‌లో స్విస్ ప్రభుత్వం కుదరదంది. మాది తటస్థ దేశం, యుద్ధంలో ఉన్నవాళ్లకు అమ్మం అన్నారు.

ఇక్కడ ఎం-55ఎస్‌తో ఒక చిన్న లింకు ఉంది. లెపర్డ్-1లో ఉన్నదీ ఎల్7 గన్నే. స్విస్ వాళ్లవి కాకపోయినా, జర్మనీ, డెన్మార్క్, నెదర్లాండ్స్ ఉక్రెయిన్‌కు పంపింది ఆ రకం లెపర్డ్‌లనే. అంటే నాటోలో చేరాలన్న ఆశతో రావ్నెలో మార్చిన గన్‌కు, పాతికేళ్ల తర్వాత ఉక్రెయిన్‌లో గుండ్లు పంచుకునే తోడు దొరికింది.